రొయ్యల చెరువు గట్ల మీద నీటిపిల్లులు: 12 కెమెరాలతో ఎన్ని ఉన్నాయో చెప్పగలమా?

తాళ్ళరేవు_సాగర్ · సోమవారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఎమ్మెస్సీ జువాలజీ రెండో ఏడాది. ప్రాజెక్టుకి నీటిపిల్లిని (ఫిషింగ్ క్యాట్) తీసుకున్నాను. కోరింగ అభయారణ్యం లోపల ఇప్పటికే పని జరిగింది కాబట్టి నేను బయట చేద్దామనుకుంటున్నాను. అంటే హద్దు దాటాక వచ్చే రొయ్యల చెరువులు, చేపల చెరువులు, మురుగు కాలువలు, వాటి మధ్య అక్కడక్కడా మిగిలిన మడచెట్లు.

డిపార్ట్‌మెంట్‌లో 12 కెమెరా ట్రాప్‌లు (జంతువు ముందు నుంచి పోతే వాటంతటవే ఫోటో తీసేవి) ఇస్తారు. సంక్రాంతి అయ్యాక మొదలుపెట్టి మార్చి ఆఖరుకల్లా ఫీల్డ్ వర్క్ ముగించాలి. గైడ్ గారు రెండు సంగతులు తేల్చమంటున్నారు: ఎన్ని ఉన్నాయి, ఎలాంటి చోట్లను ఎక్కువ వాడుతున్నాయి. 12 కెమెరాలతో రెండూ అవుతాయా? సినాప్సిస్ వచ్చే వారం ఇవ్వాలి, టెన్షన్‌గా ఉంది.

కొత్తగా_చేరా · సోమవారం రాత్రి 9:58

2018లో కోరింగలో లెక్కపెట్టి 115 అని చెప్పారు కదా బ్రో, పేపర్లన్నిటిలో వచ్చింది. మళ్ళీ లెక్కెందుకు?

పాదముద్ర · సోమవారం రాత్రి 11:15

@కొత్తగా_చేరా ఆ 115 అభయారణ్యం లోపలి సంగతి. అది దాదాపు 235 చదరపు కిలోమీటర్ల మడ అడవి. సాగర్ అడుగుతున్నది హద్దు బయట సంగతి. పైగా ఒకసారి తీసిన లెక్క ఆ ఏటిదే. పెరిగాయా తగ్గాయా అని తెలియాలంటే అదే చోట, అదే పద్ధతిలో, అన్నే రాత్రులు మళ్ళీ చేయాలి. పద్ధతి మారితే 115 పక్కన ఏ అంకె పెట్టినా పోలిక కుదరదు.

సాగర్, నీ ప్రశ్నకి సూటిగా: 12 కెమెరాలతో రెండోది అవుతుంది. మొదటిది కాదు. గైడ్ గారికి ఇప్పుడే చెప్పెయ్, మార్చిలో చెప్పేకంటే నయం.

ఎందుకంటే, ఒడిశాలోని చిలికా సరస్సు దగ్గర ఏం చేశారో చూడు. అక్కడా ఇదే జంతువు, అక్కడా అభయారణ్యం హద్దుల బయటే. చిలికా డెవలప్‌మెంట్ అథారిటీ, ది ఫిషింగ్ క్యాట్ ప్రాజెక్టు వాళ్ళు కలిసి చేశారు. 2022లో ఫలితం చెప్పారు: 176 నీటిపిల్లులు. దానికి వాళ్ళు వాడిన కెమెరాలు 150. రెండు విడతలుగా, ఒక్కో విడతలో 30 రోజులు. ఊళ్ళ నుంచి జాలర్లు కూడా పనిలో దిగారు. ఒంటి మీది మచ్చల్ని బట్టి ఏ పిల్లి ఏదో గుర్తుపట్టి, అది ఏ కెమెరా దగ్గర ఎన్నిసార్లు పడిందో చూసి, పడని వాటిని కూడా కలిపి అంచనా కట్టారు. స్థలాన్ని కూడా లెక్కలోకి తీసుకునే క్యాప్చర్-రీక్యాప్చర్ పద్ధతి అది.

ఆ పద్ధతి పనిచేయాలంటే ఒకే పిల్లి ఒకటికి మించి కెమెరాల్లో మళ్ళీ మళ్ళీ పడాలి. ఇలాంటి తిరిగి పడటాలు కనీసం 20 అయినా లేకపోతే వచ్చే అంకె మీద ఎవరూ సంతకం పెట్టరు. పైగా మచ్చలు ఎడమ పక్క ఒకలా, కుడి పక్క ఒకలా ఉంటాయి. ఒకే కెమెరా పెడితే ఎడమ పక్క ఫోటోలు కొన్ని, కుడి పక్క ఫోటోలు కొన్ని వస్తాయి, ఏ ఎడమ ఏ కుడిదో కలపలేవు. కాబట్టి ఒక్కో చోట రెండు కెమెరాలు ఎదురెదురుగా కావాలి. అంటే నీ 12 కాస్తా 6 చోట్లు. ఆరు చోట్లతో జనాభా లెక్కేంటి?

తాళ్ళరేవు_సాగర్ · సోమవారం రాత్రి 11:32

అక్కా, థాంక్స్. గైడ్ గారు ఒప్పుకోవాలి కదా. పోనీ ఫోటోల సంఖ్య పెట్టొచ్చా? 100 రాత్రులకు ఎన్ని ఫోటోలు వచ్చాయో చెప్పి, ఎక్కువ వచ్చిన చోట ఎక్కువ పిల్లులు ఉన్నాయి అని?

గణాంకం · మంగళవారం ఉదయం 6:20

ఆ ఒక్కటీ రాయొద్దు బాబూ, వైవాలో దొరికిపోతావు.

చెరువు గట్టు సన్నటి దారి. పిల్లి ఆ వైపు వస్తే కెమెరా ముందు నుంచే పోవాలి, పక్కకి పోతే నీళ్ళే. మడచెట్లలో అలా కాదు. వేళ్ళ మధ్య వంద దారులు. కెమెరాకి నాలుగు బారల అవతల నుంచి పోయినా నీకు తెలియదు. గట్టు మీద 40 ఫోటోలు, మడలో 10 ఫోటోలు వచ్చాయంటే గట్టు మీద పిల్లులు ఎక్కువ ఉన్నట్టా, కెమెరాకి దొరకడం ఎక్కువైనట్టా? ఫోటోల సంఖ్య ఈ రెండిటినీ విడదీయలేదు.

విడదీసే పద్ధతి ఉంది. ఆక్యుపెన్సీ అంటారు. 2002లో మెకెంజీ బృందం పేపర్‌తో జీవశాస్త్రంలో బాగా వ్యాపించింది. ప్రతి చోటకీ ప్రతి రాత్రికీ 1 లేదా 0 రాసుకుంటావు: ఆ రాత్రి పడింది, పడలేదు. అదే చోట చాలా రాత్రులు చూశావు కాబట్టి, పిల్లి ఆ చోటుకి వచ్చేదే అయినా ఒక రాత్రి కెమెరాకి పడే అవకాశం ఎంతో ఆ 1, 0ల వరసే చెబుతుంది.

ఒక ఉదాహరణ వేసి చూపిస్తాను, అంకెలు ఊహించినవే. గట్టు మీద ఒక రాత్రికి పడే అవకాశం 15 శాతం అనుకో. 21 రాత్రులు పెడితే అస్సలు పడకుండా తప్పిపోయే అవకాశం 3 శాతం. మడలో రాత్రికి 5 శాతమే అనుకో. అదే 21 రాత్రులకు తప్పిపోయే అవకాశం 34 శాతం. ఇప్పుడు 12 గట్లలో 6 చోట్ల పడింది, 12 మడల్లో కూడా 6 చోట్లే పడింది. చూడ్డానికి సమానం. కానీ గట్ల మీద నిజంగా వాడుతున్నవి 6 చిల్లర, మడల్లో 9 దాకా. మడలు సగం వాడుతున్నాయనుకున్నది కాస్తా ముప్పావు వంతు అయింది. నీ ప్రాజెక్టు మొత్తం ఈ తేడాలోనే ఉంది.

నల్లమల_వాచర్ · మంగళవారం ఉదయం 7:05

ఇన్ని లెక్కలు మా రోజుల్లో లేవు. పాదముద్ర మీద గాజు పలక పెట్టి, గీసుకుని, ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోసి అచ్చు తీసేవాళ్ళం. ఏ పులి ఏదో అడుగు చూసి చెప్పేవాళ్ళు సీనియర్లు. నీటిపిల్లికి కూడా బురదలో అచ్చు బ్రహ్మాండంగా పడుతుంది. కెమెరా ఖర్చు లేకుండా అడుగులు చూస్తే చాలదా?

పాదముద్ర · మంగళవారం ఉదయం 8:40

అన్నా, మీ కళ్ళకు ఉన్న అనుభవం నాకు లేదు, ఆ మాట ముందే ఒప్పుకుంటాను. కానీ అడుగుని చూసి "ఇది ఫలానా జంతువు" అనడం వేరు, "ఇది ఫలానా పులి" అనడం వేరు. రెండోదాన్ని నమ్ముకుని రాజస్థాన్‌లోని సరిస్కా పులుల అభయారణ్యంలో కాగితం మీద పులులు ఉంటూ వచ్చాయి. 2004-05లో చూస్తే అడవిలో ఒక్కటీ లేదు. ఆ తర్వాతే దేశం మొత్తం కెమెరాల లెక్కకి మారింది. కర్ణాటకలోని నాగరహొళెలో పులుల శాస్త్రవేత్త ఉల్లాస్ కారంత్ గారు 1990లలోనే చారల్ని బట్టి లెక్కగట్టి చూపించారు, పట్టించుకోవడానికి సరిస్కా కావాల్సి వచ్చింది.

అలాగని అడుగులు వద్దని కాదు. కెమెరా ఎక్కడ కట్టాలో చెప్పేది అడుగులే. సాగర్, నువ్వు చూసే బురదలో నాలుగు రకాల అడుగులు కలిసిపోయి ఉంటాయి:

నీటికుక్కకి అయిదు వేళ్ళు, గుంపుగా నడుస్తాయి, పక్కనే చేప పొలుసులతో నిండిన రెట్ట ఉంటుంది. పునుగు పిల్లికీ అయిదు వేళ్ళే, అడుగు మాత్రం చిన్నది. నక్కకి నాలుగు వేళ్ళు, గోళ్ళ గీతలు స్పష్టంగా పడతాయి, అడుగు కోలగా ఉంటుంది. నీటిపిల్లికి నాలుగు వేళ్ళు, అడుగు గుండ్రంగా ఉంటుంది. మామూలు పిల్లుల్లా గోళ్ళు పూర్తిగా లోపలికి పోవు కాబట్టి మెత్తటి బురదలో గోటి మొనలు కూడా కనిపిస్తాయి. ఆ గోళ్ళు చూసి దాన్ని నక్క ఖాతాలో వేసేవాళ్ళు బోలెడుమంది.

ఫోటోల్లో అడవి పిల్లితో జాగ్రత్త. అది పొడుగు కాళ్ళది, ఒంటి మీద మచ్చలుండవు, చెవుల కొసన నల్ల వెంట్రుకలు, తోక చివర నల్ల పట్టీలు. నీటిపిల్లి కురచ కాళ్ళు, బలిసిన ఒళ్ళు, ఒంటికి తోక పొట్టి, వరసలుగా మచ్చలు. ఇన్‌ఫ్రారెడ్ ఫోటోలో రంగు ఉండదు, అప్పుడు కాళ్ళూ తోకే దిక్కు.

ఆక్వా_రాజు · మంగళవారం మధ్యాహ్నం 1:10

నాది చేపల చెరువండి, కట్ల, రోహు వేస్తాం. పక్కన రెండెకరాల్లో రొయ్య. మీరంతా పిల్లిని లెక్కపెడతారు సరే, నా చేపల్ని ఎవరు లెక్కపెడతారు? రాత్రి రెండింటికి టార్చి వేస్తే గట్టు మీద కళ్ళు మెరుస్తాయి. గుమాస్తా కేకేస్తే నీళ్ళలోకి దూకి అవతల గట్టెక్కి పోతుంది. పొద్దున చూస్తే సగం తిన్న చేప. ఊళ్ళో కొందరు కరెంటు తీగ పెడదామంటున్నారు. నేను ఒప్పుకోలేదు, గట్టు మీద మా కూలీలు తిరుగుతారు కదండీ.

ఆ కెమెరాలేవో నా గట్టు మీద కూడా పెట్టుకోండి. కానీ తర్వాత ఫారెస్టోళ్ళు వచ్చి "ఇక్కడ పిల్లి ఉంది, చెరువు తీసేయండి" అంటే ఎవరిది పూచీ?

మోడరేటర్ · మంగళవారం మధ్యాహ్నం 1:25

ఒక మాట. పైన ఒక సభ్యుడు నీటిపిల్లి కనిపించిన చోటు లొకేషన్ పిన్‌తో సహా పెట్టారు, తీసేశాం. ఈ వేదికలో వన్యప్రాణి చట్టం షెడ్యూల్ 1లో ఉన్న జంతువుల కచ్చితమైన స్థలాలు, పిల్లలు పెట్టిన చోట్లు రాయకూడదు. మండలం దాకా చాలు. కరెంటు తీగ గురించి రాజు గారు తీసుకున్న నిర్ణయం సరైనది. నీటిపిల్లిని చంపితే వన్యప్రాణి చట్టం కింద జైలు దాకా పోతుంది.

పాదముద్ర · మంగళవారం రాత్రి 8:30

రాజు గారూ, మీ ప్రశ్న న్యాయమైనదే. ఒక విద్యార్థి ప్రాజెక్టులో పిల్లి ఫోటో పడినంత మాత్రాన చెరువు పట్టా పోదండి. సాగర్ మీకు రాసిచ్చేటప్పుడు ఊరి పేరు, సర్వే నంబరు రిపోర్టులో రావని రాయాలి. అది మామూలు పద్ధతే.

చేపల సంగతికి వస్తే, సగం తిన్న చేప చూసి ఎవరు తిన్నారో చెప్పడం కష్టం. నీటికుక్కలు గుంపుగా వస్తాయి. నీటిపిల్లి ఒంటరిగా వస్తుంది. చచ్చి తేలిన చేపని కూడా అది తీసుకుపోతుంది. మీ గుమాస్తా చూసిన కళ్ళు పిల్లివే కావచ్చు, కానీ ఆ చేప ఖాతా మొత్తం దాని మీదే వేయాలో లేదో కెమెరా చెబుతుంది. గట్టు మీద పెట్టే కెమెరా మీకూ పనికొస్తుంది.

ఆక్వా_రాజు · మంగళవారం రాత్రి 8:52

నీటికుక్కలు వస్తాయండి, నిజమే. అవి వచ్చిన రాత్రి నీళ్ళన్నీ కెలికేసి పోతాయి. కాగితం రాసిస్తే నాకు అభ్యంతరం లేదు. పట్టుబడి (చెరువులో చేపలన్నీ పట్టేయడం) ఫిబ్రవరిలో ఉంది, ఆ వారం మాత్రం గట్టు మీద జనం, లారీలు. కెమెరా ఎవరైనా పట్టుకుపోతే నన్ననొద్దు.

గణాంకం · బుధవారం ఉదయం 6:05

రాజు గారి చివరి ముక్క ముఖ్యం. సాగర్, రాసుకో: పట్టుబడి తేదీలు, నీళ్ళు తీసేసిన తేదీలు. చెరువు ఎండగట్టిన వారం పిల్లి రాలేదంటే గట్టు నచ్చక కాదు, చేప లేక. ఆ సంగతి లెక్కలోకి పోకపోతే నువ్వు పొరపాటు తీర్మానానికి వస్తావు.

ఇక డిజైన్. 21 రాత్రుల చొప్పున మూడు విడతలు పెట్టు. ఒక చోటకి ఒక కెమెరా. మొత్తం 36 చోట్లు, 63 రాత్రులు. జనవరి 20 ప్రాంతంలో మొదలుపెడితే మార్చి ఆఖరులోపే అయిపోతుంది. ఇంకొన్ని రాత్రులు పెంచి చోట్లు తగ్గించొచ్చు కానీ, పోల్చడానికి చోట్లు కావాలి కాబట్టి నేనైతే ఇలాగే చేస్తాను.

చోట్లు మూడు రకాలు: చెరువు గట్టు, కాలువ ఒడ్డు, మడ ముక్క. ఒక్కోటి 12. ప్రతి విడతలో మూడు రకాలూ నాలుగేసి ఉండాలి. మొదటి విడత మొత్తం గట్లు, రెండో విడత మొత్తం మడలు అని పెట్టావనుకో, చోటు తేడానా, నెల తేడానా ఎవరికీ తెలియదు.

చోట్లు లాటరీ వేసి ఎంచుకో. మ్యాప్ మీద కిలోమీటరు గడులు గీసి, గడులకి నంబర్లిచ్చి చీటీ తియ్. "ఇక్కడ పోయిన నెల కనిపించిందట" అన్న చోటే కెమెరా కట్టాలని చెయ్యి లాగుతుంది. అలా కడితే పిల్లి ఎక్కడికి పోదో ఎప్పటికీ తెలియదు. సున్నాలు కూడా డేటానే.

ఇంకోటి. 36 చోట్లతో పది కారణాలు పరీక్షించలేవు. రెండు చాలు. ఉదాహరణకి చోటు రకం ఒకటి, దగ్గర్లోని మడ అడవికి దూరం ఇంకొకటి. కెమెరాకి పడే అవకాశం మీద వెన్నెల, కుక్కలు ప్రభావం చూపుతాయేమో చూసుకో.

తాళ్ళరేవు_సాగర్ · బుధవారం ఉదయం 9:15

సర్, కిలోమీటరు గడి అంటున్నారు. ఒకే పిల్లి రెండు మూడు గడుల్లో తిరగొచ్చు కదా. అప్పుడు లెక్క తప్పదా?

పాదముద్ర · బుధవారం మధ్యాహ్నం 12:40

మంచి ప్రశ్న. తిరుగుతుంది. నేపాల్‌లోని చిత్వన్‌లో రేడియో కాలర్లు వేసి చూసినప్పుడు ఆడ నీటిపిల్లులు 4 నుంచి 6 చదరపు కిలోమీటర్లలో, మగది 16 నుంచి 22 చదరపు కిలోమీటర్లలో తిరిగాయి. అది గడ్డి మైదానం, నది ఒడ్డు. చేప దండిగా దొరికే నీ చెరువుల దగ్గర అంతే ఉండాలని లేదు. అయినా కిలోమీటరు గడి కంటే దాని ఇలాకా పెద్దదే అనుకోవాలి.

అందుకే "ఇన్ని గడుల్లో నీటిపిల్లులు నివసిస్తున్నాయి" అని రాయకు, "ఇన్ని గడుల్ని వాడుతున్నాయి" అని రాయి. నీ రెండో ప్రశ్న అదే కదా. 36లో 20 చోట్ల పడితే 20 పిల్లులు అని మాత్రం పేపర్ వాళ్ళకి పొరపాటున కూడా చెప్పకు, మర్నాడు హెడ్డింగ్ అయి కూర్చుంటుంది.

కొత్తగా_చేరా · బుధవారం మధ్యాహ్నం 12:55

కెమెరా ముందు నాలుగు ఎండు చేపలు కడితే పిల్లి కచ్చితంగా వస్తుంది కదా? ఇంత గొడవ దేనికి 😀

పాదముద్ర · బుధవారం మధ్యాహ్నం 1:20

పిల్లి కంటే ముందు ఊరకుక్కలు వస్తాయి. పైగా ఏ చోటును వాడుతుందో తెలుసుకోవాలని కదా మన పని? వాసన చూపించి పిలిస్తే అది మనం ఎంచిన చోటు, దానిది కాదు.

రేగడి_నేల · బుధవారం రాత్రి 7:45

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. నాది నంద్యాల జిల్లా, రోళ్ళపాడు దగ్గర. మాకు నీటిపిల్లి లేదు. నక్కలు, గుంటనక్కలు, అప్పుడప్పుడు తోడేళ్ళు. బట్టమేక పిట్ట కోసం పెట్టిన అభయారణ్యం, 6 చదరపు కిలోమీటర్లు చిల్లర. వీటికి మచ్చలూ చారలూ లేవు. ఒక నక్కకీ ఇంకో నక్కకీ తేడా తెలియదు. మరి ఎలా లెక్కపెడతారు?

గణాంకం · బుధవారం రాత్రి 9:10

మచ్చల్లేని వాటికి దారులున్నాయి గానీ ఒక్కోదానికీ ఒక్కో మెలిక.

ఒకటి, 2008లో రౌక్లిఫ్ బృందం చెప్పిన పద్ధతి. జంతువులు కెమెరా ముందుకి ఎంత తరచుగా వస్తాయన్నది వాటి సంఖ్య, అవి రోజుకి నడిచే దూరం, కెమెరా చూపు మేర మీద ఆధారపడి ఉంటుంది. తరచుదనం, నడిచే దూరం, చూపు మేర తెలిస్తే సంఖ్య తేలుతుంది. మెలిక ఏంటంటే నక్క రోజుకి ఎంత నడుస్తుందో తెలియాలి, అది కాలర్ వేయకుండా సరిగ్గా దొరకదు. కెమెరాలు కూడా దారుల మీద కాకుండా లాటరీ చోట్ల ఉండాలి. రెండు, కెమెరాకీ జంతువుకీ మధ్య దూరం కొలిచి చేసేది. నేల మీద మీటరు మీటరుకీ గుర్తులు పెట్టుకోవాలి.

నక్కలకి ఇంకో పాత దారి ఉంది: ఊళ. రాత్రి స్పీకర్‌లో నక్కల ఊళ వినిపిస్తే చుట్టుపక్కల గుంపులు బదులిస్తాయి. ఎన్ని దిక్కుల నుంచి బదులొచ్చిందో రాసుకుంటారు. గుంపుల సంఖ్య దొరుకుతుంది, నక్కల సంఖ్య కాదు. కాలర్ వేయడానికైనా, స్పీకర్ పెట్టడానికైనా అనుమతి లేకుండా కుదరదు.

పాదముద్ర · బుధవారం రాత్రి 9:50

గుంటనక్కలకైతే బొరియలే మేలు. మైదానంలో చెట్లు లేవు కాబట్టి కనిపిస్తాయి. ఒక్కో దానికి నాలుగైదు నోళ్ళు ఉంటాయి, అన్నీ కలిపి ఒక బొరియే. శీతాకాలం చివర నుంచి వేసవి మొదలు దాకా పిల్లలు బయటకొచ్చి ఆడుకుంటాయి, అప్పుడు దూరం నుంచి బైనాక్యులర్‌తో ఏ బొరియలో ఎన్ని పిల్లలో చూడొచ్చు. మిగతా నెలల్లో ఖాళీ బొరియ చూసి నక్క లేదనుకోకూడదు, అవి బొరియల్ని ముఖ్యంగా పిల్లల కోసమే వాడతాయి.

ఇంకో దారి పెంట. రెట్ట, పెంటలోంచి డీఎన్ఏ తీసి ఏ జాతో, ఒక్కోసారి ఏ జంతువో కూడా చెప్పొచ్చు. హైదరాబాద్‌లో సీసీఎంబీ వాళ్ళ లాకోన్స్ ల్యాబ్ ఇలాంటి పనికి పేరున్న చోటు. నల్లమల లాంటి పొడి అడవిలో పెంట కొంతకాలం నిలుస్తుంది. మడలో రోజుకి రెండు పోట్లు వచ్చి కడిగేస్తాయి, అందుకే సాగర్‌కి ఆ దారి చెప్పలేదు. గట్ల మీద దొరికితే మాత్రం వదలకు, ఎండబెట్టి సిలికా జెల్‌లో పెట్టుకో.

నల్లమల_వాచర్ · గురువారం ఉదయం 6:50

పోటు మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా. కెమెరా మోకాలి కింద కట్టాలంటారు కదా. పోటు వస్తే మునిగిపోదూ?

పాదముద్ర · గురువారం ఉదయం 8:15

మునుగుతుంది అన్నా, మొదటి అమావాస్యకే. మెట్టలో 30, 40 సెంటీమీటర్ల ఎత్తు సరిపోతుంది. మడలో అమావాస్య, పౌర్ణమి పోట్లకి నీళ్ళు ఎంత ఎత్తుకి వస్తాయో చెట్ల మొదళ్ళ మీద బురద గీత చూసి, దానికి జానెడు పైన కట్టి, ముక్కు కిందికి వంచాలి. వంచితే చూపు మేర తగ్గుతుంది, ఆ సంగతి ఫారంలో రాయాలి. కెమెరా వెనక చిన్న పుల్ల దూర్చితే ఆ వంపు నిలుస్తుంది.

ఈ కెమెరాలు వేడి కదలికకి పనిచేస్తాయి. వెనకున్న వేడికీ ఒంటి వేడికీ తేడా ఉండాలి. పీతలు ముందు నుంచి ఎన్ని పోయినా ఫోటో తీయదు, ఎండకి కాగిన ఆకు గాలికి ఊగితే మాత్రం వందల ఫోటోలు తీసి కార్డు నింపేస్తుంది. కాబట్టి ముందున్న ఆకులు కొట్టెయ్. తూర్పుకీ పడమరకీ ముఖం పెట్టకు, ఉత్తరానికి పెట్టు. మధ్యాహ్నం ఎండ మండేటప్పుడు నేల కూడా ఒంటి వేడికి దగ్గరవుతుంది, అప్పుడు జంతువు పోయినా పట్టుకోదు. నీటిపిల్లి ఎక్కువగా రాత్రి జీవి కాబట్టి ఇది నిన్ను పెద్దగా ఇబ్బంది పెట్టదు.

ఖాళీ ఫోటోలు ఏరడానికి మెగాడిటెక్టర్ అనే సాఫ్ట్‌వేర్ వాడు, ఉచితమే. జంతువు, మనిషి, బండి అని విడగొట్టి ఇస్తుంది. జాతి పేరు మాత్రం నువ్వే పెట్టుకోవాలి, నిన్ను తెలియని ఇంకొకరు కూడా విడిగా పెట్టాలి. ఇద్దరికీ కుదరనివి "తెలియదు" అని వదిలెయ్.

ఆక్వా_రాజు · గురువారం ఉదయం 10:30

మనిషి ఫోటోలంటున్నారు. మా గట్ల మీద ఆడవాళ్ళు తెల్లారకట్ల పీతలకి, బహిర్భూమికి కూడా వెళ్తారండి. వాళ్ళ ఫోటోలు పడితే ఊళ్ళో గొడవైపోద్ది.

మోడరేటర్ · గురువారం ఉదయం 10:48

ఇది చాలామంది మర్చిపోయే సంగతి. రాజు గారు ఎత్తినందుకు థాంక్స్.

పాదముద్ర · గురువారం ఉదయం 11:20

సాగర్, ఇవి తప్పనిసరి. కెమెరా కట్టే ముందు ఊళ్ళో పెద్దలకీ, స్వయం సహాయక సంఘం ఆడవాళ్ళకీ విడివిడిగా చెప్పు. సంఘం వాళ్ళే ఏ దారి వదిలేయాలో చెబుతారు, ఆ దారిలో కట్టకు. లాటరీలో ఆ గడి వస్తే గడి లోపలే వేరే చోటు చూసుకో. ప్రతి కెమెరాకీ తెలుగులో చీటీ అంటించు: ఇది ఎందుకు పెట్టాం, ఎప్పుడు తీసేస్తాం, ఎవరికి ఫోన్ చేయాలి. రాత్రి మాత్రమే పనిచేసేలా టైమర్ పెట్టొచ్చు. సాయంత్రం 6 నుంచి తెల్లవారుజాము 4 దాకా పెడితే నీటిపిల్లి డేటా చాలావరకు వస్తుంది, మనుషులు చాలావరకు తప్పుతారు. పడిన మనిషి ఫోటోలు మొదటి ఏరివేతలోనే చెరిపెయ్, ఎవరికీ ఇవ్వకు. అటవీ శాఖ అడిగినా సరే, ఆ ఫోటోలు అనుమతి పత్రంలో లేవని చెప్పు.

అనుమతి ఊసొచ్చింది కాబట్టి: పూర్తిగా అభయారణ్యం బయట, ప్రైవేటు చెరువుల మీద అయినా డీఎఫ్‌ఓ (అటవీ అధికారి) ఆఫీసులో లెటర్ ఇచ్చి రసీదు తీసుకో. ఒక్క కెమెరా హద్దు లోపల పడినా వన్యప్రాణి చట్టం సెక్షన్ 28 కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి కావాలి, అది వారంలో రాదు. కాబట్టి గడులు గీసేటప్పుడే హద్దు దాటకుండా చూసుకో.

తాళ్ళరేవు_సాగర్ · గురువారం రాత్రి 10:05

గైడ్ గారితో మాట్లాడాను. ముందు చిరాకు పడ్డారు. గణాంకం సర్ వేసిన 3 శాతం, 34 శాతం ఉదాహరణ బోర్డు మీద వేసి చూపించాక "సంఖ్య తీసెయ్, టైటిల్ మార్చు" అన్నారు. ఇప్పుడు టైటిల్: "కోరింగ అభయారణ్యం అంచు ఆక్వా భూముల్లో నీటిపిల్లి స్థల వినియోగం".

36 చోట్లు, 21 రాత్రులు, మూడు విడతలు. కుక్కలు, నక్కలు, నీటికుక్కల 1, 0లు కూడా విడిగా రాస్తాను. పట్టుబడి తేదీలకి ప్రతి చెరువుకీ ఒక కాలమ్ పెట్టాను. రాజు గారూ, మీ గట్టు లాటరీలో వస్తుందో లేదో తెలియదండి. రాకపోతే ఏమీ అనుకోవద్దు.

ఆక్వా_రాజు · గురువారం రాత్రి 10:20

ఇదేం లాటరీ తమ్ముడూ! పిల్లి మా గట్టు మీదే ఉందని చెబుతుంటే.

గణాంకం · శుక్రవారం ఉదయం 5:55

రాజు గారూ, అందుకే లాటరీ అండి 🙂 లాటరీలో రాకపోతే సాగర్ ఫీల్డ్ వర్క్ అయ్యాక ఏప్రిల్‌లో ఒక కెమెరా మీ గట్టు మీద వదలొచ్చు. ఆ ఫోటోలు మీకు, లెక్కలోకి రావు.

సాగర్, 12లో ఒకటో రెండో చెడిపోతాయి, లేదా పోతాయి. చోటు వారీగా ఎన్ని రాత్రులు నిజంగా పనిచేసిందో రాసుకో, ఆగిపోయిన రాత్రి సున్నా కాదు, ఖాళీ. గణాంకాల సాఫ్ట్‌వేర్ ఆర్‌లో అన్‌మార్క్‌డ్ ప్యాకేజీకి ఆ తేడా తెలుసు, నువ్వు ఎన్‌ఏ అని పెడితే చాలు. జనవరిలో మొదటి కార్డు తీశాక ఫైలు ఇక్కడ పెట్టు, స్థలాల పేర్లు తీసేసి.

తాళ్ళరేవు_సాగర్ · శుక్రవారం ఉదయం 7:30

సరే సర్. రాజు గారూ, ఏప్రిల్ కెమెరా ఖాయం. గుమాస్తా గారి నంబరు నాకు మెసేజ్‌లో పంపండి, ఇక్కడ వద్దు.